ఱెక్కలు సంపాదించిన తొలి విద్యార్థి – సుబ్రతో ముఖర్జీ

మన భాషలో ఱెక్క యను మాటకు రెండర్థములు కలవు. పక్షి ఆకాశమున నెగురుటకు సాధనమైనది ఱెక్క. మనుష్యుడు కష్టించి బ్రతుకుటకు సాధనమైన భుజమును ఱెక్కయే. ఱెక్కాడినగాని డొక్కాడదని శ్రమజీవులు చెప్పుకొను సామెత ఈ రెండవ యర్థమును పట్టుకొని పుట్టినది. విమానదళమున శిక్షణ ముగించిన యువకుని యెడమ రొమ్ముపై నమర్చు ఱెక్కల చిహ్నమును చూచినపుడు ఈ రెండర్థములును ఒక్కచోట కలిసినట్లు తోచును. అది యొకరిచ్చిన కానుక కాదు. మాసముల తరబడి భుజమును, బుద్ధిని, గుండెను అరగదీసి సంపాదించుకొన్న కూలి. అట్టి ఱెక్కలను భారత విమానదళము పేరిట మొట్టమొదట ధరించిన అయిదుగురు యువకులలో నొకడై, పిదప ఆ దళమునకంతటికి అధిపతియైన సుబ్రతో ముఖర్జీ జీవితము ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగినది.

ముఖర్జీ 1911 మార్చి 5వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి సతీశచంద్ర ముఖర్జీ ఐ.సి.యస్. ఉద్యోగి, తల్లి చారులత సంఘసేవాపరాయణురాలు. తల్లి వైపువారు విద్యాదానమునకు పేరెన్నికగన్నవారు. మాతామహుడు ప్రసన్నకుమార రాయ్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు ప్రధానాచార్యుడైన మొదటి భారతీయుడు. మాతామహి సరళా రాయ్ గోఖలే స్మారక బాలికా పాఠశాలను స్థాపించిన విదుషి. నలుగురు బిడ్డలలో కడసారివాడైన సుబ్రతో, వంగదేశమున వీర్‌భూమ్ జిల్లా పాఠశాల మొదలగు చోట్ల చదివెను. ఇంటి వాతావరణమును బట్టి చూచినచో ఆ బాలుడు ఆచార్యుడో న్యాయాధిపతియో కావలసినవాడు. ఆకాశము వైపు ఆతని చూపు మరలుటకు వేఱొక కారణము కలదు.

ఆ కుటుంబముననే ఇంద్రలాల్ రాయ్ అను యువకుడుండెను; సుబ్రతోకు మేనమామ వరుస. లండనులో చదువుచు, మొదటి ప్రపంచయుద్ధకాలమున రాయల్ ఫ్లయింగ్ కోర్ అను విమానదళమున చేరగోరెను. చూపు చాలదని వైద్యులు త్రోసిపుచ్చిరి. ఆ యువకుడు నిరాశపడక, తన మోటారు సైకిలును అమ్మి, ఆ సొమ్ముతో నొక ప్రసిద్ధ నేత్రవైద్యునిచే మఱల పరీక్ష చేయించుకొని, మొదటి తీర్పును మార్పించుకొనెను. 1917లో దళమున చేరెను. ఒక ప్రమాదమున తీవ్రముగా గాయపడియు, కోలుకొని మఱల యుద్ధరంగమునకు పోయెను. 1918 జూలై 6 మొదలు 19 వఱకు పదమూడు దినములలో పది శత్రువిమానములపై విజయము సాధించి, జూలై 22న ఫ్రాన్సు గగనతలమున పోరాడుచు నేలకొరిగెను. అప్పటికి ఆతని వయస్సు పందొమ్మిదేండ్లు. ఆ వార్త కలకత్తాకు చేరునాటికి సుబ్రతో ఏడేండ్ల బాలుడు. ఇంటిలో పెద్దలు చెప్పుకొను కథలు పసిమనస్సున పాతుకొనుట సహజము.

అయినను ఒక్కరిద్దరు భారతీయులు యుద్ధపుటవసరమున ఎగిరినంత మాత్రమున, భారతీయులకు విమానదళపు తలుపులు తెఱచుకొనలేదు. యుద్ధము ముగిసినపిదప ఆంగ్లప్రభుత్వము మఱల పాత పాటయే పాడసాగెను. భారతీయులు యంత్రములను నడుపజాలరనియు, వానిని బాగుచేసికొను నేర్పు వారికి లేదనియు పాలకులలో పలువురు నమ్మిరి. ఒక జాతిని లోబఱచుకొనుటకు తుపాకి కంటె ఇట్టి నమ్మకమే బలమైన సాధనము. హనుమంతునకు తన బలము తాను మఱచునట్లు శాపము కలదని రామాయణము చెప్పును. జాంబవంతుడు జ్ఞప్తి చేయువఱకు ఆతడు సముద్రతీరమున ఊరక కూర్చుండెను. పరాధీనజాతికి పాలకుల మాటయే యిట్టి శాపము. 1925లో సర్ ఆండ్రూ స్కీన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము, భారతీయ యువకులను ఇంగ్లండులోని క్రాన్‌వెల్ విమానదళ కళాశాలలో చేర్చుకొనవలెనని సిఫారసు చేసెను. ఆ సిఫారసు కార్యరూపము దాల్చుటకు ఏండ్లు పట్టెను.

చివరకు ఆఱుగురు యువకులు ఎన్నికైరి. హరీశ్చంద్ర సర్కార్, సుబ్రతో ముఖర్జీ, భూపేంద్రసింగు, అమర్‌జీత్‌సింగు, ఐజాద్ బక్ష్ అవాన్, జె.యన్. టాండన్ వారి పేర్లు. 1930 సెప్టెంబరులో వారు క్రాన్‌వెల్ చేరిరి. ఆ సంవత్సరమేదియో విద్యార్థులు గమనింపవలెను. అదే యేట గాంధీమహాత్ముడు దండి సముద్రతీరమున ఉప్పు తీసెను. దేశమంతట చెఱసాలలు నిండిపోయెను. సుబ్రతో అక్క రేణుక చిన్ననాడే మహాత్ముని పిలుపు విని కళాశాలను విడిచినది. పిదప రాజ్యాంగసభలో సభ్యురాలై, పశ్చిమ వంగమున మంత్రిణి యైనది. తోడబుట్టినవారిలో నొకరు ఆంగ్లప్రభుత్వమును ఎదిరించు ఉద్యమమున నుండగా, మఱియొకరు ఆ ప్రభుత్వపు సైనికవేషము ధరింపబోయిరి. ఈ వైరుధ్యమును మఱుగుపఱుపవలసిన పనిలేదు. స్వరాజ్యము వచ్చిననాడు దానిని కాపాడుకొను విద్య మనకు రావలెను. ఆ విద్య నాడు పరుల చేతిలో నుండెను. దానిని నేర్చుకొనవలెనన్న వారి గడప త్రొక్కక తప్పదు.

లింకన్‌షైర్ మండలమున చలిగాలులు వీచు మైదానముపై క్రాన్‌వెల్ కళాశాల యున్నది. అచటి చదువు రెండేండ్లు. తెల్లవాఱకమునుపే కవాతు, పిదప తరగతులు. ఇంజనును విప్పి మఱల కూర్చుట, గాలివాటమును లెక్కగట్టుట, పటమును దిక్సూచిని చూచి దారి తెలిసికొనుట, వాతావరణమును గుర్తించుట, తంతిలేని వార్తలను పంపుట, మరతుపాకి ప్రయోగించుట మొదలగునవన్నియు నేర్వవలెను. ఆకాశమున ఒక గంట ఎగురుటకు నేలపై ఎన్నియో గంటలు చదువవలెనను సత్యము అచ్చట మొదటి దినముననే తెలియును.

ఎగురుట నేర్పు విధానము విచిత్రమైనది. ఆనాటి శిక్షణ విమానములు రెండంతస్తుల ఱెక్కలు గలవి; పైకప్పు లేనివి. ముందొకటి, వెనుకనొకటిగా రెండు పీఠములుండును. రెండింటియందును నడుపు సాధనములు సమానముగా నుండును. చేతిలోని కఱ్ఱను ముందునకు త్రోసినచో విమానపు ముక్కు దిగును. తనవైపు లాగినచో లేచును. ప్రక్కలకు వంచినచో ఱెక్కలు వాలును. పాదములతో తోక చుక్కానిని త్రిప్పవలెను. ఇంజను హోరులో మాట వినబడదు గనుక, గురువు నోటినుండి శిష్యుని చెవులకు ఒక గొట్టము అమర్చబడియుండును. గురువు చేసి చూపును. శిష్యుడు చేతులను సాధనములపై మెల్లగా నుంచి ఆ కదలికను గ్రహించును. పిదప శిష్యుడు చేయును. గురువు చేతులు ఒడిలో పెట్టుకొని చూచుచుండును.

ఈ విద్యలో కష్టమైనది చేతివాటము కాదు, మనస్సు వాటము. వేగము తగ్గినచో ఱెక్కలను మోయు గాలి చాలక విమానము చటుక్కున క్రుంగి, ఒక్కొకపుడు బొంగరమువలె తిరుగుచు నేలవైపు దిగజాఱును. నేల పైకి లేచి వచ్చుచున్నట్లు కనబడినపుడు ఎవడైనను భయముతో కఱ్ఱను తనవైపు లాగుకొనును. అదియే చావునకు దారి. చుక్కానిని తిరుగుడునకు ఎదురుగా నొక్కి, కఱ్ఱను ముందునకు త్రోసి, విమానమును కొంత తడవు ఇంకను క్రిందికి పోనిచ్చినగాని పోయిన వేగము మఱల రాదు. వేగము వచ్చినగాని ఱెక్కలకు పట్టు దొరకదు. అనగా భయము చెప్పినదానిని త్రోసిపుచ్చి, బుద్ధి చెప్పినదానిని చేయవలెను. పాఠమును కంఠస్థము చేసిన మాత్రమున ఇది రాదు. గురువు విద్యార్థిని పలుమాఱులు ఆ యాపదలోనికి తీసికొనిపోయి, పలుమాఱులు బయటపడనేర్పును.

దిగుట ఎక్కుట కంటె కష్టము. గాలికెదురుగా వచ్చి, నేలకు కొన్ని అడుగుల ఎత్తున ఇంజను తగ్గించి, విమానమును తేల్చి, చక్రములును తోకయు ఒక్కమాఱుగా నేలను తాకునట్లు చేయవలెను. ఒక్క క్షణము ముందైనను వెనుకైనను విమానము బంతివలె ఎగిరిపడును.

ఇట్లు కొన్ని గంటలు కలిసి ఎగిరినపిదప ఒకనాడు, ముందుగా చెప్పకయే, గురువు తన పీఠమునుండి దిగిపోవును. శిష్యుడు ఒంటరిగా ఎగిరి, ఒక చుట్టు తిరిగి, దిగిరావలెను. ఆ ప్రయాణము కొన్ని నిముషములే. కాని ఆ నిముషములలో ఎదుటి పీఠము ఖాళీగా నుండును; గొట్టమున మాట వినబడదు. గురువు బరువు తగ్గినందున విమానము అలవాటు కంటె తేలికగా పైకి లేచును. విమానచోదకులందఱు జీవితాంతము జ్ఞప్తియందుంచుకొను దినమది. గురువు తనకు బోధించినది నిజముగా తనదైనదా, లేక ప్రక్కనున్న గురువు బలమేనా యను సందేహము ఆనాడు తీఱిపోవును.

ఆ ఆఱుగురిపై నున్న భారము తోటి ఆంగ్ల విద్యార్థులపై లేదు. ఆంగ్ల విద్యార్థి తప్పినచో అది యొక విద్యార్థి తప్పు. వీరిలో నొకడు తప్పినచో అది జాతి తప్పుగా లెక్కింపబడును. టాండన్ మాత్రము పొడవు చాలమిచే చోదకుడు కాలేక, సామగ్రి శాఖాధికారి యయ్యెను. మిగిలిన అయిదుగురు క్రాన్‌వెల్ చదువు ముగించి, ఓల్డ్ సారమ్ అను చోట పదాతిసైన్యముతో కలిసి పనిచేయు పద్ధతులను కూడ నేర్చిరి. 1932 అక్టోబరు 8వ తేదీన భారత విమానదళ శాసనము అమలులోనికి వచ్చెను. అదే దినమున వారు అధికారులుగా నియమితులైరి. నేటికిని మన దేశమున అక్టోబరు 8వ తేదీ విమానదళ దినోత్సవముగా జరుపబడుచున్నది.

1933 ఏప్రిల్ 1వ తేదీన కరాచీ సమీపమున డ్రిగ్ రోడ్ అను చోట మొదటి స్క్వాడ్రన్ ఏర్పడెను. నాలుగు వాపిటీ విమానములు, పిడికెడుమంది అధికారులు, హవాయి సిపాయిలను పేరుతో 19 మంది సిబ్బంది, అదియే దళమంతయు. ఆంగ్లాధికారి సెసిల్ బౌచియర్ నాయకుడు. వాపిటీ పాతబడిన విమానము. దాని వేగము గంటకు సుమారు 135 మైళ్లు. తొలి యేడే దళమునకు పెద్దదెబ్బ తగిలెను. క్రాన్‌వెల్‌లో కలిసి చదివిన భూపేంద్రసింగు, అమర్‌జీత్‌సింగు విమానప్రమాదమున మరణించిరి. అయిదుగురిలో ఇద్దఱు పోయిరి. భారతీయులకు ఎగురుట చేతకాదను వారికి ఇంతకంటె ఏమి కావలెను? ముఖర్జీ మొదలగువారు పిదప మఱల అవే విమానములెక్కి ఎగిరిరి. ఆ మౌనప్రత్యుత్తరమే దళమును నిలిపినది.

పిదప ఏండ్లు వాయవ్య సరిహద్దు కొండలలో గడచెను. మీరాన్‌షా మొదలగు స్థావరములనుండి ఎగురుచు, పదాతిసైన్యమునకు వార్తలందించుట, కొండజాతులపై నిఘా యుంచుట, అవసరమని ప్రభుత్వము తలచినపుడు బాంబులు వేయుట వారి పని. స్వతంత్రులుగా బ్రతుకగోరిన కొండజాతులపై సామ్రాజ్యము జరపిన ఆ పోరు మనము గర్వింపదగినది కాదు. కాని ఎగుడుదిగుడు లోయలలో, సుడిగాలులలో, దిగుటకు చదునైన నేల దొరకని చోట్ల ఎగిరిన ఆ యనుభవము తొలితరము చోదకులకు రెండవ కళాశాల యైనది. విమానము చెడి శత్రువుల చేత చిక్కినచో ప్రాణములకే మోసము. అందువలన తమను క్షేమముగా తెచ్చి అప్పగించినవారికి బహుమానమిత్తుమని స్థానికభాషలలో వ్రాసిన కాగితమును చోదకులు జేబులో నుంచుకొని ఎగురుచుండిరి.

ఆ కాలపు కథయొకటి దళమున నేటికిని చెప్పుకొందురు. ఒక కొండపై కావలి ఠాణాలోని సైనికులను శత్రువులు చుట్టుముట్టిరి. వారి తూటాలు అయిపోవచ్చెను. ఆ తావున ఎగురుచున్న ముఖర్జీ సంగతి గ్రహించెను. స్థావరమునకు పోయి తూటాలు తెచ్చు వ్యవధి లేదు. వెంటనే తన విమానపు మరతుపాకి నుండి తూటాలను ఊడదీయించి, మేజోళ్లలో నింపించి, కొండకు దగ్గఱగా దిగి, ఠాణా మీద జాఱవిడిపించెను. సైనికులకు ఊపిరి వచ్చినది. తన రక్షణకొఱకున్న తూటాలనే ఇచ్చివేసిన ఆ బుద్ధి ఏ పాఠ్యగ్రంథమునను లేదు.

1938లో ఫ్లయిటుకు, 1939 మార్చిలో స్క్వాడ్రన్‌కు, 1943లో కోహాట్ విమానస్థావరమునకు ముఖర్జీ అధిపతి యయ్యెను. మూడింటను ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయనయే. 1939లోనే మహారాష్ట్ర కుటుంబమునకు చెందిన శారదా పండిట్‌ను వివాహమాడెను. రెండవ ప్రపంచయుద్ధమున దళము పెరిగి, యుద్ధాంతమునకు తొమ్మిది స్క్వాడ్రన్లు గలదయ్యెను. నాలుగు వాపిటీలతో మొదలైనది పన్నెండేండ్లలో ఇంతటిదైనది.

1947 ఆగస్టులో స్వాతంత్ర్యమును, దానితోపాటు విభజనమును వచ్చెను. విమానములు, పనిముట్లు, మనుష్యులు రెండు దేశములకు పంచబడిరి. మొదటి స్క్వాడ్రన్ పుట్టిన కరాచీ పరదేశమైనది. నిన్నటి స్నేహితులు ఎదుటి దళమున చేరిరి. మూడు మాసములు గడవక మునుపే, అక్టోబరు 27న, డకోటా విమానములు సైనికులను ఎక్కించుకొని శ్రీనగరమున దిగవలసివచ్చెను. అప్పటినుండి 1954 వఱకు ఎల్మ్‌హర్‌స్ట్, ఐవ్‌లా చాప్‌మన్, గిబ్స్ అను ముగ్గురు ఆంగ్లాధికారులు వరుసగా దళాధిపతులుగా నుండిరి. భారతీయులలో పెద్దవాడైన ముఖర్జీ వారి క్రింద ఉపాధిపతిగా పనిచేసెను.

స్వరాజ్యము వచ్చినను పరదేశీయుని క్రింద పనిచేయుట అభిమానమునకు కొంత కష్టమే. ఉద్రేకపరులకది పిఱికితనముగా కూడ తోచవచ్చును. కాని విమానము నడుపుట వేఱు, విమానదళము నడుపుట వేఱు. వేలకొలది మనుష్యులను, యంత్రములను, కర్మాగారములను, పాఠశాలలను ఒక్క త్రాటిపై నడుపు విద్యను ముప్పదియైదేండ్లు నిండిన భారతీయాధికారులు కొలదిమంది మాత్రమే అప్పుడప్పుడే నేర్చుచుండిరి. క్రాన్‌వెల్‌లో ఒంటరిగా ఎగురుటకు ముందు గురువుతో గడపిన గంటలవంటివి ఆ యేడేండ్లు. ముఖర్జీ ఆ కాలమును తొందరపాటునకు బలియీయలేదు. లండనులోని ఇంపీరియల్ డిఫెన్స్ కళాశాలలో మఱల విద్యార్థియై కూర్చుండి, చదువు ముగించి వచ్చెను.

1954 ఏప్రిల్ 1వ తేదీన ఆయన భారత విమానదళాధిపతి యయ్యెను. మొదటి స్క్వాడ్రన్ పుట్టి ఆనాటికి సరిగా ఇరువదియొక్క సంవత్సరములు. ఆయన వయస్సు నలువదిమూడు. గురువు పీఠము దిగిపోయెను. శిష్యుడు ఒంటరిగా ఎగురవలసిన దినము వచ్చెను. ఆయన నాయకత్వమున దళమునకు మిస్టేర్, హంటర్, కాన్‌బెర్రా, నాట్ అను జెట్ విమానములు చేరినవి. బెంగుళూరు హిందూస్థాన్ కర్మాగారమున రూపొంది 1951లో మొదట ఎగిరిన హెచ్‌.టి.-2 అను స్వదేశీ శిక్షణ విమానముపై మన యువకులు ఎగురుట నేర్చిరి. భారతీయులకు యంత్రము చేతకాదన్న మాటకు ఇది సరియైన సమాధానము.

ముఖర్జీకి కాలిబంతి యాట యన్న మిక్కిలి మక్కువ. పాఠశాలలనుండియే ఆటగాండ్రు పుట్టవలెనను ఆయన తలంపు ఫలితముగా 1960లో అఖిలభారత పాఠశాలల కాలిబంతి పోటీ మొదలైనది. సుబ్రతో కప్పు అను పేరిట అది నేటికిని జరుగుచున్నది. మన పిల్లలలో పలువురకు ఆయన పేరు ఆ కప్పు మూలముననే తెలియును.

1960 నవంబరులో ఎయిర్ ఇండియా సంస్థ టోక్యోకు నడపిన తొలి విమానమున ఆయన అచ్చటికి పోయెను. 8వ తేదీ రాత్రి మిత్రునితో భోజనము చేయుచుండగా ఆహారము శ్వాసనాళమున అడ్డుపడెను. వైద్యసహాయము అందులోపలనే ప్రాణము పోయెను. అప్పటికాయనకు నలువదితొమ్మిదేండ్లు. సరిహద్దు కొండలలో, పాత విమానములలో మృత్యువును పలుమాఱులు తప్పించుకొన్నవాడు భోజనపుబల్ల వద్ద దానికి చిక్కెను. విధి విలాసము మన యూహలకందదు. ఆయన పిదప ఆస్పీ ఇంజనీర్ దళాధిపతి యయ్యెను. దళము ఎగురుచునే యుండెను. వ్యక్తి పోయినను నిలుచునట్లు ఒక సంస్థను కట్టుటయే ఆయన చేసిన గొప్ప పని.

తెలుగువారికి ఈ కుటుంబముతో నొక సంబంధము కలదు. ఆయన సతీమణి శారదా ముఖర్జీ రత్నగిరి నుండి లోక్‌సభకు ఎన్నికై, 1977 మొదలు 1978 వఱకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నుండిరి. దివిసీమను ఉప్పెన ముంచిన యేడు రాజభవనమున నున్నది ఆమెయే. మఱియొక సంబంధము దుండిగల్లు. హైదరాబాదు నగరమునకు సమీపమున ఆ గ్రామము వద్ద విమానదళ అకాడమీకి 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేసిరి. 1971లో శిక్షణ ప్రారంభమైనది. ఒకనాడు ఆఱుగురు యువకులు సముద్రములు దాటి పోయి నేర్చిన విద్యను నేడు దేశము నలుమూలల యువకులు మన నేలపైకి వచ్చి నేర్చుచున్నారు. 2016 జూన్ 18న అచ్చటనే ముగ్గురు యువతులు యుద్ధవిమానశాఖలో నియామకము పొందిరి. ఆడువారికి చేతకాదను మాటయు అట్లే వీగిపోయినది.

ఉపాధ్యాయులకు ఈ కథలో ప్రత్యేకముగా గ్రహింపదగినది యొకటి కలదు. నేర్పునంతకాలము ప్రక్కన నుండుట యెంత ముఖ్యమో, నేర్చినపిదప పీఠము దిగుట అంత ముఖ్యము. ముందుగా దిగినచో శిష్యుడు కూలును. ఎన్నటికిని దిగకున్నచో శిష్యునకు ఱెక్కలు రావు. విద్యార్థులకు గ్రహింపదగినది మఱియొకటి. క్రిందపడుచున్న వేళ భయము చెప్పినదానిని కాక, నేర్చిన విద్య చెప్పినదానిని చేయవలెను. ముఖర్జీ మిత్రులు కూలినపిదప చేసినదియు అదియే.